సెస్సూ, పంపకానికి రా

సెస్సుకూ, దాని తోడబుట్టిన సర్‌చార్జీకీ,

ఈ ఉత్తరం మీ ఇద్దరికీ. ఖజానా లెక్కల్లో మీరు చేసే పని ఒకటే కాబట్టి విడివిడిగా పిలవను, ‘నువ్వు’ అనే రాస్తాను.

2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం తీసుకున్న సుంకం 32 రూపాయల 90 పైసలు. ఆ ఏడాది జూన్‌లో హైదరాబాద్ బంకుల్లో లీటరు ధర వంద దాటింది. పనికి వెళ్తూ బండిలో వంద రూపాయల పెట్రోలు పోయించుకునే తాపీ మేస్త్రికి అందులో పన్ను చాలా ఉందని తెలుసు. ఆ పన్నులో ఎవరి వాటా ఎంతో మాత్రం ఏ రసీదులోనూ ఉండదు. విడదీసి చూస్తేనే నువ్వు కనపడతావు. బేసిక్ ఎక్సైజ్ సుంకం 1.40. సర్‌చార్జీగా వేసిన ప్రత్యేక అదనపు ఎక్సైజ్ సుంకం 11. రోడ్లు, మౌలిక వసతుల సెస్సు 18. వ్యవసాయ మౌలిక వసతులు, అభివృద్ధి సెస్సు 2.50. ఈ నాలుగింటిలో రాష్ట్రాలతో పంచుకోవలసింది మొదటిదొక్కటే. మిగిలిన 31 రూపాయల 50 పైసలూ నువ్వే.

ఆ 1.40లో రాష్ట్రాల వాటా 41 శాతం, అంటే 57 పైసలు. అది దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి. 15వ ఆర్థిక సంఘం తేల్చిన వాటాల ప్రకారం అందులో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేది 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. లీటరుకు 32.90 వసూలైతే ఒక తెలుగు రాష్ట్రానికి హక్కుగా దక్కింది సుమారు రెండుంబావు పైసలు, ఇంకో రాష్ట్రానికి పైసా చిల్లర. ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మలేక మళ్లీ వేశాను. పైసలు మారలేదు.

నువ్వు పెరిగే తీరు ఒకటి జనానికి తెలియాలి. 2018 బడ్జెట్‌లో పెట్రోలు మీద బేసిక్ సుంకం రెండు రూపాయలు తగ్గింది. ఆరు రూపాయల అదనపు సుంకం రద్దయింది. వాటి స్థానంలో ఎనిమిది రూపాయల రోడ్లు, మౌలిక వసతుల సెస్సు వచ్చింది. బంకు దగ్గర ధర మారలేదు కాబట్టి ఎవరూ అడగలేదు. కానీ రాష్ట్రాలతో పంచుకోవలసిన రెండు రూపాయలు ఆ ఒక్క రోజులో పంచుకోనక్కర్లేని రెండు రూపాయలయ్యాయి. 2021లో వ్యవసాయం పేరుతో నువ్వు వచ్చినప్పుడూ అంతే. లీటరుకు 2.98 ఉన్న బేసిక్ సుంకం 1.40కి దిగింది, మొత్తం సుంకం దాదాపు అలాగే ఉంది. కొనేవాడికి ఏమీ తగ్గలేదు, అమ్మేవాడికి ఏమీ పెరగలేదు. తగ్గింది రాష్ట్రం పాలు.

నీకు ఈ దారి వేసింది రాజ్యాంగమే. 271వ అధికరణ సర్‌చార్జీ మొత్తాన్నీ కేంద్రానికి ఇచ్చింది. 2000లో వచ్చిన 80వ సవరణ సెస్సుకు గట్టి గోడ కట్టింది. ఆ సవరణ తెచ్చిన మేలు చాలా పెద్దది, అది ఒప్పుకోవాలి. అంతవరకు కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు ముఖ్యంగా పంపకానికి వచ్చింది ఆదాయ పన్ను, ఎక్సైజ్ సుంకం మాత్రమే. కె.సి. పంత్ అధ్యక్షతన పనిచేసిన 10వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నులన్నిటినీ ఒకచోట చేర్చి అందులో 29 శాతం రాష్ట్రాలకు ఇమ్మంది. దాని ప్రకారమే 270వ అధికరణ మారింది. కార్పొరేషన్ పన్ను, కస్టమ్స్ సుంకం అన్నీ ఉమ్మడి మొత్తంలోకి వచ్చాయి. ఆ అధికరణలోనే నిన్ను బయట పెడుతూ కొన్ని మాటలు చేరాయి. ఆ రోజు అవి చిన్న మినహాయింపులా కనిపించి ఉంటాయి.

నిజానికి ఆ అలవాటు అంతకన్నా పాతది. 1959కి ముందు కంపెనీలు కట్టే ఆదాయ పన్ను కూడా రాష్ట్రాలతో పంచుకునే మొత్తంలోనే ఉండేది. ఆ ఏడాది ఆర్థిక చట్టం దాన్ని కార్పొరేషన్ పన్ను కింద వేరు చేసింది, రాష్ట్రాల వాటా పోయింది. మళ్లీ అది పంపకానికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1983లో ఎన్.టి. రామారావు విజయవాడలో ప్రతిపక్ష ముఖ్యమంత్రులను, నాయకులను సమావేశపరిచినప్పుడు రాష్ట్రాల ఆర్థిక హక్కుల మీద దేశమంతటా చర్చ రగులుతోంది. అదే ఏడాది నియమించిన సర్కారియా కమిషన్ తర్వాత ఇచ్చిన నివేదికలో నీ ప్రస్తావన సూటిగా ఉంది. ఆదాయ పన్ను మీద సర్‌చార్జీ వేయాలంటే నిర్దిష్టమైన ప్రయోజనం ఉండాలి, అదీ కచ్చితంగా పరిమిత కాలానికే అంది. ఇంత స్పష్టంగా చెప్పిన మాటను ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పెద్దగా లక్ష్యపెట్టలేదు. 2004లో రెండు శాతం విద్యా సెస్సు, 2007లో సెకండరీ, ఉన్నత విద్య పేరుతో మరో శాతం యూపీఏ తెచ్చినవి. 2018లో ఆరోగ్యాన్నీ కలిపి నాలుగు శాతం చేసింది ఎన్డీయే. నిన్ను ఒక పార్టీ బిడ్డవని అనడం కుదరదు.

2015లో మన కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి అధ్యక్షుడిగా ఉన్న 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. షరతులు లేని సొమ్ము పెరగాలన్న ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయమది. దేశమంతా దాన్ని పెద్ద మలుపు అంది. ఆ కాలంలోనే నువ్వు ఎంత పెరిగావో చూడు. 2011-12లో కేంద్రం మొత్తం పన్ను వసూళ్లలో సుమారు పదో వంతు ఉన్న నువ్వు 2020-21 నాటికి అయిదో వంతుకు చేరావు. ఆ ఏడాది కేంద్రం వసూలు చేసిన పన్నులు సుమారు 20.27 లక్షల కోట్లు, రాష్ట్రాలకు పంచింది సుమారు 5.95 లక్షల కోట్లు. జీఎస్టీ పరిహారం కోసం వసూలైన సెస్సును పక్కన పెట్టి లెక్క కట్టినా వందకు ముప్పై ఒకటి దాటదు. 15వ ఆర్థిక సంఘం ప్రకారం కాగితం మీద అది 41. కోవిడ్ ఏడాది కదా అనుకుందామంటే, 2022-23లోనూ మూడో వంతుకు చేరలేదు. పాలుకు సేద్యం చేసిన రైతుతో కళ్లంలో కొలత మొదలుకాకముందే కొన్ని బస్తాలు పక్కకు తీసేసి, మిగిలిన రాశిలో ‘నీ పాలు పెంచాను’ అని చెప్పడం లాంటిది ఇది.

డబ్బు లెక్క కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది నువ్వు పెట్టుకునే పేర్లు. విద్య, ఆరోగ్యం, వ్యవసాయం, రోడ్లు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి ఈ నాలుగూ ఎక్కడ ఉన్నాయో చూడు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో ఉంది. జాతీయ రహదారులు తప్ప మిగతా రోడ్లన్నీ రాష్ట్రాలవే. విద్య కూడా రాష్ట్ర జాబితాలోనే ఉండేది, 1976లో 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చింది. ఇవాళ్టికీ బడిలో పంతులుకు జీతం ఇచ్చేది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సును పెట్టేది, వ్యవసాయ విస్తరణాధికారిని ఊరికి పంపేది రాష్ట్రమే. రక్షణ, విదేశాంగం, రైల్వేలు, అణుశక్తి కేంద్రం పనులు. వాటి పేరుతో నువ్వు ఎప్పుడోగాని కనపడవు. కేంద్రం చేయవలసిన పనికి జనం దగ్గర సెస్సు అడగడం కష్టం, పిల్లల చదువు పేరు చెబితే ఎవరూ కాదనరు. రాష్ట్రం చేస్తున్న పనుల పేరు చెప్పి వసూలు చేసి, ఆ రాష్ట్రానికి హక్కుగా ఒక్క పైసా ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

జీతగాళ్లు ఫారం 16 తీసి చూసుకోవచ్చు. లక్ష రూపాయల ఆదాయ పన్ను కట్టినవారు ఆ పన్ను మీద నాలుగు వేలు ఆరోగ్య, విద్యా సెస్సు కడతారు. ఆ లక్షలో 41 వేలు రాష్ట్రాల ఉమ్మడి వాటా. బడులూ ఆసుపత్రులూ నడిపే రాష్ట్రాలకు బడి పేరుతో, ఆసుపత్రి పేరుతో కట్టిన ఆ నాలుగు వేలలో వాటా సున్నా.

చెప్పిన పనికైనా చేరావా? కేంద్రం లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు చూస్తే ఆ భరోసా కూడా లేదు. 2018-19లో 35 రకాల సెస్సులు, లెవీల ద్వారా వసూలైన 2,74,592 కోట్లలో వాటికి కేటాయించిన నిధులకు బదిలీ అయింది 1,64,322 కోట్లు. మిగిలిన లక్షా పది వేల కోట్లు కేంద్రం సంచిత నిధిలో ఉండిపోయాయి. సెకండరీ, ఉన్నత విద్య పేరు మీద పదేళ్లలో 83 వేల కోట్లకు పైగా వసూలు చేశావు. ఆ కాలమంతా ఆ డబ్బు ఉండవలసిన ప్రత్యేక నిధికి ఒక్క రూపాయి చేరలేదని కాగ్ రాసింది. ఖర్చు వేరే పద్దు కింద చూపించామని సమాధానాలు వచ్చాయి. నిజమే కావచ్చు. అలా అయితే వేరే పేరుతో వేరే పన్నుగా నువ్వెందుకు?

కొంత సొమ్ము రాష్ట్రాలకు తిరిగి వస్తుంది, కేంద్ర ప్రాయోజిత పథకాల రూపంలో. దారిలో దాని స్వభావం మారిపోతుంది. బయల్దేరినప్పుడు పన్ను, చేరినప్పుడు గ్రాంటు. కేంద్రం అరవై పెడితే రాష్ట్రం నలభై పెట్టాలి. ఆ నలభై చూపించకపోతే అరవై రాదు. ఇంత ఎత్తు గోడ, ఇన్ని చదరపు అడుగుల గది, ఫలానా రంగు, ఫలానా పేరు, ఫలానా పోర్టల్లో ఫోటో అంటూ మార్గదర్శకాలు. ముందు విడతకు వినియోగ ధ్రువపత్రం (యూసీ) పంపితే గాని తర్వాతి విడత కదలదు. ఏడాది చివర్లో మార్చి నెలలో వచ్చిపడ్డ డబ్బును ఖర్చు చేయలేక మురగబెట్టుకోవడం ఏ జిల్లా కార్యాలయంలోనైనా తెలిసిన సంగతే.

ఇక సంతకం. పీఎం శ్రీ బడుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదని 2024-25లో తమిళనాడుకు సమగ్ర శిక్ష నిధులు ఆగిపోయాయి. ఆ ఒప్పందం అమలు చేయమన్న జాతీయ విద్యా విధానం మీద ఆ రాష్ట్రం అభ్యంతరం చెప్పింది. అది సరైనదో కాదో వేరే చర్చ, నాకూ దాని మీద నా అభిప్రాయం ఉంది. కానీ ఆ రాష్ట్రంలో పన్ను కట్టే ప్రతి ఒక్కరూ ఆ ఏడాది కూడా విద్యా సెస్సు కట్టారు. కోయంబత్తూరు ఉద్యోగి జీతంలోంచి బడి పేరుతో తీసుకున్న డబ్బు కోయంబత్తూరు బడికి వెళ్లాలంటే మధ్యలో ఒక విధానానికి తల ఊపాలి. అదే డబ్బు పన్ను వాటాగా వచ్చి ఉంటే సంతకం అడిగే అధికారం ఎవరికీ ఉండేది కాదు. ఇవాళ తమిళనాడు, రేపు ఢిల్లీలో అధికారం మారితే గుజరాత్, ఉత్తరప్రదేశ్. దీన్ని పార్టీ గొడవగా చూసేవాళ్లు ఆ రోజు గురించి కూడా ఆలోచించాలి.

రాష్ట్రాల చేతిలో స్వేచ్ఛగా ఖర్చుపెట్టుకునే డబ్బు ఉన్నందువల్ల ఈ దేశానికి ఏం దక్కిందో నీకు తెలియదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. 1982లో ఎం.జి. రామచంద్రన్ తమిళనాడు బడుల్లో మధ్యాహ్న భోజనాన్ని విస్తరించినప్పుడు అది దండగ ఖర్చని విమర్శలు వచ్చాయి. 1995లో అది దేశమంతటి పథకమైంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టారు. ఖజానా మునుగుతుందని ఆనాడు ఎంతమంది రాశారో పాత పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసింది. 1970లలో కరువు కాలంలో మహారాష్ట్ర పెట్టిన ఉపాధి హామీ జాతీయ చట్టంగా పెరిగి, 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దేశానికి మొదలైంది. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆరోగ్యశ్రీ తెచ్చారు, 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. 2018 మే నెలలో తెలంగాణ రైతు బంధు కింద ఎకరాకు నాలుగు వేలు పంచింది. తొమ్మిది నెలల్లో పీఎం కిసాన్ వచ్చింది.

వీటిలో ఏ ఒక్కటీ ఢిల్లీ మార్గదర్శకాల్లోంచి పుట్టలేదు. ఒక ముఖ్యమంత్రి, కొందరు అధికారులు, తమ రాష్ట్రంలో ఆకలి ఎలా ఉంటుందో, ఆపరేషనుకు పొలం అమ్ముకోవడం ఎలా ఉంటుందో దగ్గరగా చూసి తమ డబ్బుతో తెగించి చేసిన పనులివి. కొన్నింటిలో లోపాలున్నాయి. సాగు చేయని భూస్వాముల ఖాతాల్లోకి రైతు బంధు వెళ్లింది, సాగు చేసిన కౌలు రైతుకు అందలేదు. అది సరిదిద్దుకోవలసింది కూడా ఆ రాష్ట్రమే, నిలదీయవలసింది అక్కడి ఓటరే. షరతులు లేని వాటా కుంచించుకుపోయిన కొద్దీ రాష్ట్రానికి మిగిలేది ఒకరు రాసిపెట్టిన పథకాన్ని అమలు చేసే పని. అలాంటి రాష్ట్రం నుంచి తర్వాతి ఆరోగ్యశ్రీ పుట్టదు.

నీ తరఫున చెప్పే మాటలు నాకు తెలుసు. యుద్ధం రావచ్చు, మహమ్మారి రావచ్చు, కేంద్రం చేతిలో అప్పటికప్పుడు తీసుకునే డబ్బు ఉండాలి అంటారు. ఒప్పుకుంటాను. 2021 నవంబరులో, 2022 మేలో పెట్రోలు, డీజిలు ధరలు తగ్గించినప్పుడు కోత పడింది నీ వాటా మీదే కాబట్టి రాష్ట్రాలకు నష్టం లేదని కేంద్రం చెప్పింది. అదీ నిజమే. జీఎస్టీ పరిహార సెస్సు మొత్తం రాష్ట్రాల కోసం పుట్టింది, పరిహారం కోసం తెచ్చిన రుణాలు తీరేదాకా రాష్ట్రాల తరఫునే పనిచేసింది. దానికి పేరు, ప్రయోజనం, గడువు మూడూ చట్టంలో ఉండేవి. నువ్వు అలా ఉండగలవనడానికి సాక్ష్యం అది.

రాష్ట్రాలు కూడా నీ జోలికి పోనివేమీ కావు. ఆంధ్రప్రదేశ్ లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు వేసింది, గుంతలు పడ్డ రోడ్ల మీద తిరిగినవాళ్లు ఆ రూపాయి ఎటు పోయిందని అడుగుతూనే ఉన్నారు. పెట్రోలు మీద వ్యాట్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్కువే. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు 1960 నాటి చట్టం ప్రకారం కడుతున్నాం. మన జిల్లా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లల కుర్చీలూ పుస్తకాలూ ఆ పైసలతోనే రావాలి. నీ రూపాల్లో నేను గౌరవించేది అదొక్కటే. ఆ డబ్బును కూడా మున్సిపాలిటీలు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థకు చెల్లించకుండా బకాయిలు పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా సాగుతోంది. ఢిల్లీ మీద ఫిర్యాదు చేసే ముఖ్యమంత్రులు తమ కింద ఉన్న సర్పంచుల మాట వినాలి. పంచాయతీకి రావలసిన సొమ్ము ఆపేవారికి కేంద్రాన్ని అడిగే నైతిక బలం తగ్గిపోతుంది. ఆ గొంతు తగ్గడం నాకు ఇష్టం లేదు కాబట్టే ఇది దాచకుండా రాస్తున్నాను.

16వ ఆర్థిక సంఘం ముందు చాలా రాష్ట్రాలు వాటాను 50 శాతానికి పెంచమన్నాయి. తెలంగాణ కూడా అడిగింది. వాటి ఆవేదన అర్థమవుతుంది, అయినా ఆ పోరాటం దారి తప్పిందనిపిస్తుంది. ఉమ్మడి మొత్తంలోకి ఏది వస్తుందో ఏది రాదో కేంద్రం ఒక్కటే నిర్ణయించగలిగినంత కాలం 50 అయినా 60 అయినా కాగితం మీది అంకె. ఏ ఆర్థిక సంఘమూ నిన్ను ఉమ్మడి మొత్తంలోకి లాగలేదు, దానికి ఆ అధికారం లేదు. 270, 271 అధికరణలు మారాలి. అడగవలసింది అది.

ఏ రూపంలో మారాలో కూడా రాస్తాను. ఏ పేరుతో పుట్టినా నీకు అయిదేళ్లు మించి ఆయుష్షు ఉండకూడదు. అంతకు మించి అవసరమని పార్లమెంటు అనుకుంటే ఆ పన్ను ఆ రోజు నుంచి ఉమ్మడి మొత్తంలో కలవాలి. విద్యా సెస్సు 2004 నుంచి ఏదో ఒక రూపంలో నడుస్తూనే ఉంది, ఇరవై ఏళ్లు దాటింది. అంత కాలం అవసరమైన దాన్ని తాత్కాలికం అనలేం. మొత్తం పన్ను వసూళ్లలో నీ వాటాకు ఒక హద్దు రాజ్యాంగంలోనే ఉండాలి, దాటిన ప్రతి రూపాయీ పంపకానికి రావాలి. రాష్ట్ర జాబితాలోని అంశం పేరు నువ్వు వాడుకుంటే ఆ సొమ్ము రాష్ట్రాలకు షరతుల్లేకుండా వెళ్లాలి. జీఎస్టీ మండలిలో రాష్ట్రాలకు మూడింట రెండు వంతుల ఓటు బలం ఉంది, కేంద్రం ఒక్కటే ఏ రేటూ మార్చలేదు. అలాంటి వేదిక ముందుకు రాకుండా నువ్వు బడ్జెట్ ప్రసంగంలో ఒక వాక్యంగా పుట్టేస్తున్నావు.

ఇందులో ఇంకో చిక్కుంది. నువ్వు వచ్చేది ఆర్థిక బిల్లులో. అది ద్రవ్య బిల్లుగా వస్తుంది కాబట్టి రాజ్యసభ దాన్ని సవరించలేదు. సూచనలు చేసి పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపాలి, వాటిని లోక్‌సభ తోసిపుచ్చవచ్చు. రాష్ట్రాల ప్రతినిధులుగా కూర్చున్న సభకు రాష్ట్రాల వాటాను తగ్గించే పన్ను మీద చెల్లే ఓటు లేదు. కాబట్టి భారమంతా లోక్‌సభలో ఉన్నవారిదే. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది. వాళ్లలో కేంద్రాన్ని నిలబెడుతున్నవారూ ఉన్నారు, ఎదిరిస్తున్నవారూ ఉన్నారు.

ఈ ఉత్తరం ప్రతిని ఆ 42 మందికీ పంపుతున్నాను. వచ్చే ఆర్థిక బిల్లు మీద చర్చ జరిగిన రోజున నీ పేరున్న ప్రతి క్లాజు దగ్గర లేచి, దీని గడువు ఎప్పటిదాకా, ఇది ఏ నిధికి చేరుతుంది, ఉమ్మడి మొత్తంలో కలిసి ఉంటే మా రాష్ట్రానికి ఎంత వచ్చేది అని అడగమని రాశాను. సవరణ ప్రతిపాదించి ఓటింగు కోరమని రాశాను. ఎవరు ఎటు ఓటు వేశారో సభ రికార్డుల్లో ఉంటుంది, తీసి చూస్తాను.

ఇట్లు,
నిన్ను ప్రతి నెలా కడుతున్న
ఒక తెలుగు పన్ను చెల్లింపుదారు